మూడు ఎడమ మెలికలు

లోపల ఏముందో కనబడని ఇనుప కుండను, మూత ఎత్తి చూడకుండా రెండు వందల రోజులు మీరు నమ్మగలరా? తొందరపడి అవుననకండి. పొయ్యి మీది పాలగిన్నె మూతనే అయిదు నిమిషాల్లో మూడుసార్లు ఎత్తి చూసే జాతి మనది.

రిమ్మా సవేల్యెవ్నా ఇరవై ఆరేళ్ళుగా నమ్ముతూనే ఉంది. మాస్కో నుంచి రైల్లో రెండు గంటల దూరాన ఉన్న మా ఊళ్ళో, రాళ్ళు పండించే సంస్థలో, పదకొండో నంబరు ఆటోక్లేవ్ ఆమెది. రెండంతస్తుల ఎత్తున్న ఆ ఉక్కు గొట్టాన్ని పనివాళ్ళు కుండ అంటారు. అడుగున పలుగురాయి ముక్కలు, నిండుగా క్షారజలం, పైభాగాన తీగలకు వేలాడే పల్చటి స్ఫటికపు పలకలు. ఆ పలకలే విత్తనాలు. అడుగున వేడి కాస్త ఎక్కువ, పైన కాస్త తక్కువ ఉంచితే, అడుగురాయి కరిగి పైకెక్కి, ఒక్కొక్క అణువూ తన వరసలో తాను కూర్చుంటూ విత్తనం మీద పేరుకుంటుంది. రోజుకు అర మిల్లీమీటరు పెరిగితే గొప్ప. తొందరపెడితే పగుళ్ళు, మధ్యలో తెరిస్తే సర్వనాశనం. లోపలికి చూడడానికి కిటికీ లేదు.

అందుకే ఆ షెడ్డులో రాయని శాసనం ఒకటుంది. కుండ వేడిగా ఉండగా "ఎలా ఉంది?" అని ఎవరూ అడగకూడదు. అడిగినవాళ్ళు వారం రోజులు అందరి టీ గ్లాసులూ కడగాలి. ఒకసారి నోరు జారిన డైరెక్టరుగారు సైతం చొక్కా చేతులు పైకి మడిచి కడిగారు. శిక్షలో హోదాకు మినహాయింపు లేని చట్టం ఆ రోజుల్లో దేశం మొత్తం మీద అదొక్కటే కావచ్చు.

ఇంతటి నిష్ఠాపరురాలికి యాభై నాలుగో ఏట ఒక పెళ్ళికొడుకు తగిలాడు. వెనియామిన్ ల్వోవిచ్ ఒకప్పుడు కొండల్లో రాళ్ళు వెతికిన భూగర్భ శాస్త్రవేత్త, ఇప్పుడు బడిలో భూగోళం మాస్టారు. సెప్టెంబరు చివర్లో, అడవిలో పుట్టగొడుగులు ఏరుతుండగా విషయం ఎత్తాడు.

"రిమ్మా సవేల్యెవ్నా, నాకు యాభై తొమ్మిది. పళ్ళు చాలావరకు నావే. మీరు ఒప్పుకుంటే..."

"రెండు వందల రోజులు," అంది ఆమె, పుట్టగొడుగు కాడ కోస్తూ.

"దేనికండీ?"

"మీ లోపల ఏముందో నాకు కనబడదు గదా."

ఇంటికెళ్ళి గోడ మీది కేలండర్లో మొదటి గీత గీసింది. విత్తనపు పలకలు కోసే తోస్యా, పక్క గదిలో ఉండే స్నేహితురాలు, అది చూసి నెత్తి కొట్టుకుంది. "ఇనప కుండకీ రెండొందలే, ముసలి పెళ్ళికొడుక్కీ రెండొందలేనా? నువ్వు మూత తీసేసరికి అడుగున ఉప్పు తప్ప ఏం మిగలదే తల్లీ."

నూట అరవయ్యో గీత నాడు మార్చి ఎనిమిది వచ్చింది. ఆడవాళ్ళ పండగ. పసుపుపచ్చ మిమోసా కొమ్మతో, కేకుతో వెనియామిన్ ల్వోవిచ్ వచ్చాడు. తోస్యా కేకు కోస్తుండగా జేబులోంచి రుమాలు మూట తీసి విప్పాడు. గుప్పెడంత ఊదారంగు స్ఫటికం.

"యురల్ కొండల్లో, అరవై తొమ్మిదిలో, నడుం లోతు మంచులో, ఈ రెండు చేతుల్తో తవ్వాను. పదిహేడేళ్ళు దాచాను. ఎవరికోసమో ఇప్పుడు తెలిసింది."

రిమ్మా దాన్ని కిటికీ వెలుతురులో తిప్పింది. పై అంచున తీగ కట్టిన గుర్తు. షెడ్డులో అందరూ విత్తనాన్ని కుడివైపుకి రెండు మెలికలు వేసి కడతారు. ఆమెది ఎడమచేతి వాటం, ఎడమకి మూడు వేస్తుంది. ఇక్కడ ఎడమకి మూడు. లోపల, సరిగ్గా సగం పెరుగుదలలో, వెంట్రుకంత పాలిపోయిన గీత. డెబ్భై ఎనిమిది జనవరిలో, ఊదారంగు పంట కుండలో ఉండగా, నాలుగు గంటలు కరెంటు పోయినప్పుడు, తన కోటుతో సహా షెడ్డులోని కంబళ్ళన్నీ కుండకు చుట్టి దాన్ని బతికించింది రిమ్మా. ఆ నాలుగు గంటల మచ్చే అది. తోస్యా కూడా చూసింది. ఆ విత్తనం కోసిన చెయ్యి ఆమెదే. కేకు ముక్క నమలకుండానే మింగింది.

"చాలా బాగుంది," అంది రిమ్మా. టీ మాత్రం గ్లాసు పక్కన పోసింది.

అతను వెళ్ళగానే తోస్యా అందుకుంది. "నువ్వు కన్న బిడ్డనే తెచ్చి నీకు దత్తత ఇస్తున్నాడే! ఇవాళే మూత తీసి పారబొయ్యి."

"ఒక గీత పడిందని కుండ తెరుస్తామా?"

"గీత కాదమ్మా, అడుగంటింది. వాసన నీకొక్కదానికే రావట్లేదు."

రిమ్మాకు ఆ రోజు నిద్ర సరిగా పట్టలేదు. ముందెప్పుడో పెళ్ళి మాట ఎత్తినవాళ్ళు ఇద్దరూ మొదటి నెలలోనే గడువు వదిలేసి పోయారు. ఇన్నాళ్ళు ఆగిన మనిషి ఇతనొక్కడే. అబద్ధాలవాడైతే వద్దు. కానీ వద్దనుకోవడం ఆమె అనుకున్నంత తేలికగా లేదు.

మర్నాడు ఆదివారం అతన్ని టీకి పిలిచింది. నింద మోపడం ఆమెకు రాదు, ప్రశ్నలే అడిగింది.

"రాయి తవ్విన రోజు ఒక్కరే వెళ్ళారా?"

"ఒక్కణ్ణే. అంటే, ఎలుగుబంటి ఒకటి ఎదురుపడింది."

"ఏం చేసింది?"

"నిలబడి చూసిందండీ. పెద్దది."

"ఎంత?"

"ఈ బీరువా అంత. తోడు ఇంకోటి కూడా ఉన్నట్టుంది."

మూడో ఎలుగుబంటి వచ్చేలోపు రిమ్మా జేబులోంచి తీగ ముక్క తీసింది. ఎడమకి మూడు మెలికలు తిప్పి స్ఫటికం అంచున గాడిలో పెట్టింది. ఒరలో కత్తిలా కూర్చుంది.

"మీ ఎలుగుబంటిది కూడా ఎడమచేతి వాటమే అన్నమాట."

వెనియామిన్ ల్వోవిచ్ చెవులు ఎర్రబడ్డాయి. "మాస్కోలో పాతసామాను కొట్లో కొన్నాను. తవ్వింది నిజమేనండీ. అది వేరే రాయి. మీరు అద్దాల్లాంటివి బస్తాల లెక్కన దించుతారు. మీ చేతిలో దాన్ని పెట్టడానికి సిగ్గేసింది."

"ఎక్కడుంది?"

"బాల్కనీ తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టాను."

"తీసుకురండి."

"ఇప్పుడా? తలుపు..."

"కొట్టుకోనీండి."

ఇరవై నిమిషాల్లో, కోటు బొత్తాలు ఒకదానికొకటి తప్పించి పెట్టుకుని తిరిగొచ్చాడు. రాయి బూడిదరంగు. ఒక మూల విరిగింది, ఒక మూల తలుపు రంగు అంటింది, మూడో మూల మాత్రం ఊదా. రిమ్మా దాన్ని పొద్దుతిరుగుడు నూనె పోసిన గ్లాసులో ముంచి, ప్రయోగశాలలో పారేస్తుంటే తెచ్చుకున్న, కాంతిని వడకట్టే రెండు నల్లటి పొరల మధ్య పెట్టి దీపానికి ఎత్తింది.

పలుగురాయిలో అణువులు మెలితిరిగిన మెట్లలా ఎక్కుతాయి. కొన్నిటి మెట్లు కుడికి తిరుగుతాయి, కొన్నిటివి ఎడమకి. విత్తనం ఎటు తిరిగితే పంటంతా అటే. రిమ్మా కుండలో ఇరవై ఆరేళ్ళలో ఎడమకి తిరిగినది ఒక్కటి లేదు, కట్టిన చెయ్యి తప్ప. నూనెలో ఇప్పుడు చారలు తేలాయి. కుడి ఒక పొర, ఎడమ ఒక పొర, జడలా ఒకదాన్నొకటి పట్టుకుని మూలదాకా పెరిగాయి. ఇలాంటి అల్లిక కొండలోనే పుడుతుంది; షెడ్డులో అయితే పనికిరానిదని పక్కన పడేస్తారు. రిమ్మా మేజాగుడ్డ మీద నూనె కారుతున్నా చూస్తూ ఉండిపోయింది.

"ఎలా ఉంది?" అన్నాడతను, ఆగలేక.

తలుపు దగ్గర చెవి పెట్టిన తోస్యా అవతలినుంచే కేకేసింది. "అడిగేశాడు! వారం గ్లాసులు!"

"ఎలుగుబంటి సంగతేమిటి?" అంది రిమ్మా, రాయి దించకుండా.

"దూరంగా. చాలా దూరంగా కనబడింది. ఆవు అయ్యుండొచ్చు."

రిమ్మా గ్లాసు కింద పెట్టి, చేతులు తుడుచుకుని, కేలండర్ ముందుకు నడిచింది. ఇంకా ముప్ఫై తొమ్మిది గళ్ళు ఖాళీగా ఉన్నాయి. లోపల కనబడకపోతేనే గడువు కావాలి; ఉన్నదేమిటో తెలిశాక ఇంకా వేడి పెట్టడం కరెంటు దండగ. పెళ్ళి నమోదుకు దరఖాస్తు పెట్టాక నెల రోజులు ఆగమని ప్రభుత్వం ఎలాగూ అంటుంది. ఆదా అయ్యేది వారమే. అయినా ఆమె పెన్సిలు తీసుకుని ఆ గళ్ళన్నిటి మీదుగా ఒకే గీత కొట్టింది.

"మంగళవారం పొద్దున రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్దాం," అంది. "గుర్తింపుకి పాస్‌పోర్టు తెచ్చుకోండి. ముందు ఆ గ్లాసులు కడగండి."