స్లీపర్ల మీద నేర్చిన నడక

దేవుడికిచ్చిన మాటను నడిదారిలో రైలెక్కించిన ప్రబుద్ధుణ్ణి మీరెన్నడైనా చూశారా? చూడకపోతే విచారించకండి, ఈ నాలుగు ముక్కలూ రాస్తున్న నేనే వాణ్ణి. ఎంత నవ్వుకున్నా సరే, మా అమ్మను చూసి మాత్రం నవ్వకండి. ఇందులో ఆవిడ చేసిన తప్పు నన్ను నమ్మడం ఒక్కటే.

శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రాయపూర్ రైల్వే క్వార్టర్లలో స్థిరపడ్డ కుటుంబం మాది. నాన్న గార్డు. ఇంట్లో రైలు పాసు ఉన్నవాడికి కాళ్లెందుకు చెప్పండి, చెప్పులు తొడుక్కోవడానికి తప్ప! అలాంటి ఇంట్లో నాన్నకు విషజ్వరం పట్టుకుంది. అమ్మ నన్నొక్క మాటైనా అడక్కుండా మొక్కేసింది. "ఈయన లేచి తిరిగితే నానూ, నా కొడుకూ మాఘ పున్నానికి రాజిం గుడి దాకా నడిచొస్తాం సామీ. చక్రమున్న బండేదీ ఎక్కం."

నాన్న లేచి తిరిగాడు. నేను కూలబడ్డాను.

అయినా నేను ఊరుకునే రకమా? యుద్ధానికి వెళ్లే సేనాపతిలా సన్నాహాలు మొదలుపెట్టాను.

"నడకకి తయారేటిరా? కాలు తీసి ముందుకేస్తే అదే నడక" అంది అమ్మ.

"నీకు తెలీదమ్మా. శరీరం, మనసు, విద్య మూడూ సిద్ధం కావాలి."

మనసు కోసం రోజూ గోడకేసి చూస్తూ పకోడీలను మరిచిపోయే సాధన చేశాను. విద్య కోసం మూట కట్టడం, విప్పడం, మళ్లీ కట్టడం నేర్చుకున్నాను. ఇక శరీరం. రోడ్డు మీద నడిస్తే తెలిసినవాళ్లు చూసి నవ్వుతారని ధంతరి ఊరికి వెళ్లే చిన్న రైలు పట్టాలను ఎంచుకుని, నెల్లాళ్లపాటు వాటి కింది అడ్డచెక్కల, అదే స్లీపర్ల, మీద నడిచాను.

కొంప మునిగింది అక్కడే. ఆ స్లీపర్లు ఒక్కొక్కటిగా తొక్కితే కొత్త పెళ్లికూతురి నడక. రెండేసి దాటితే కప్పగంతు. మర్యాదస్తుణ్ణి గనక నేను మొదటిది ఎంచుకున్నాను. నెల తిరిగేసరికి నా కాళ్లకు ఆ అడుగే ఖాయమైపోయింది.

ఆ రోజు రానే వచ్చింది. అమ్మ వట్టి కాళ్లతో సడక్ మీద సాగిపోతోంది. కొత్త బూట్లతో నేను టిక్కుటిక్కుమంటూ వెనక.

"ఏటిరా ఆ నడక? చేతిలో దీపం గాలికి ఆరిపోద్దన్నట్టు! జల్దీ రా, ఎండెక్కిపోతంది."

"ఇది శిక్షణ పొందిన నడకమ్మా."

"పొందింది చాల్లే గాని, ముందు నడు."

కేంద్రి ఊరు దాటేసరికి అమ్మ చుక్కంత కనిపిస్తోంది. నా మడమల మీద బూరెల్లాంటి బొబ్బలు లేచాయి. రోడ్డు పక్కనే పట్టాలు కనిపించాయి. ఎక్కాను. ఆహా! కాళ్లు పుట్టింటికొచ్చినట్టు పరుగందుకున్నాయి. వెనక కూత వినబడినా ఆగవంటే ఆగవు! అటూ ఇటూ తుమ్మకంప. చిన్న రైలు గతిలేక నా వెనకే నడిచింది. కిటికీల నిండా తలకాయలు, తలకాయల నిండా పళ్లు.

"ఏ బాబూ, హట్ నా గా!" తప్పుకోమని డ్రైవరు అరిచాడు. బండి ఆపి దిగొచ్చి నా మొహం చూశాడు. "అరే, గార్డు బాబు కొడుకువా! పట్టాల మీద చస్తావా? ఆవో, ఎక్కు!"

"మొక్కు..." అన్నాను.

చంకల కింద చేతులేసి ఇంజనులోకి ఎత్తేశాడు. పెనుగులాడానని ఇన్నేళ్లూ అందరికీ చెప్పుకున్నాను. పెనుగులాడలేదు. ఆ బొగ్గుల మీద చతికిలబడినప్పటి సుఖం నాకు మళ్లీ ఏ పరుపు మీదా దొరకలేదు.

బండి అమ్మను దాటింది. ఆవిడ తలెత్తి చూసింది. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక నేను నమస్కారం పెట్టాను.

తర్వాతి స్టేషన్ అభన్‌పూర్‌లో దిగి మొహం దాచుకుని కూర్చున్నాను. చాలాసేపటికి అమ్మ వచ్చింది. దుమ్ముకొట్టుకుపోయిన మొహం.

"ఎక్కడెక్కావురా?"

"కేంద్రి దాటాక."

"పద."

"ఎక్కడికి?"

"ఎక్కినకాడికి. అక్కణ్ణించి మళ్లీ నడు. మీ నాన్న జ్వరం మళ్లీ తిరగబెడితే ఎవరు జవాబుదారు?"

"నువ్వెందుకమ్మా? నువ్వు నడిచేశావుగా!"

"నిన్నొగ్గేస్తే ఇంకో ఇంజను ఎక్కవని ఏటి భరోసా?"

అలా కేంద్రికీ అభన్‌పూర్‌కూ మధ్య దారిని నేను రెండుసార్లు, మా అమ్మ మూడుసార్లు నడిచాం. తిరుగు దారంతా, బొబ్బలు చూసి విప్పించిన నా బూట్లు ఆవిడ చేతిలోనే ఉన్నాయి. ఆ బూట్ల వైపు నేను చూడలేకపోయాను.

మర్నాడు రాజింలో స్వామి ఎదుట అమ్మ చేతులు జోడించింది. "సామీ, మా ఇంటాయన్ని లేపావు, నీ మొక్కు తీర్చుకున్నాం. ఈ గుంటడిక్కూడా కాస్త బుద్ధి వొచ్చేలా చూడు. వొచ్చిందంటే ఇద్దరం మళ్లీ నడిచొస్తాం."

మళ్లీ నడకా! మా అమ్మ మాటంటే మాటే. అందుకే ఆ గుడి మెట్ల మీదే నేనూ నిష్ఠగా ఒక ప్రతిజ్ఞ చేసుకున్నాను: ఒంట్లో ప్రాణముండగా నాకు బుద్ధి రానివ్వను. జుట్టు నెరిసింది, ఇంతవరకూ మాట తప్పలేదు. కావాలంటే మా ఆవిణ్ణి అడగండి.