రెండు దగ్గర ఆగిపోయే బాబాయి

మా బాబాయి నోట మూడు అనే అంకె రాదు.

లెక్కలు రాక కాదు. ఆయన దర్జీ. ఊళ్లో సగం మంది నడుములూ భుజాలూ ఆయనకు కంఠతా. అసలు సంగతి కుస్తీల పిచ్చి. టీవీలో వచ్చే ఆ కుస్తీల్లో పడ్డవాడి భుజాలు నేలకానితే, రిఫరీ అరచేత్తో నేల చరుస్తూ ఒకటి, రెండు, మూడు అంటాడు. మూడు అన్నాడంటే వాడు ఓడినట్టే. రెండుకీ మూడుకీ మధ్య ఉన్న ఆ సన్నటి సందులో భుజం ఎగరేశాడా, బతికిపోయాడు. "ఎక్కడో ఎవడో లేవబోతుంటాడు. ఆ మూడు మన నోటితో అనడం దేనికి?" అని బాబాయి పన్నెండో ఏట ఒట్టు పెట్టుకున్నాడు.

దాంతో మా ఇంట్లో లెక్కలే వేరు.

"చొక్కాలెన్ని కుట్టాలి బాబాయ్?"

"రెండు, ఇంకొకటి."

"టైమెంతయింది?"

"నాలుక్కి గంట తక్కువ."

ఎవరైనా ఫోన్ నంబరు అడిగితే, అందులో పాపం మూళ్లు రెండున్నాయి, ఫోను పిన్ని చేతికిచ్చి కిటికీలోంచి మబ్బులు చూసేవాడు. "ఈయనకు ముగ్గురు పిల్లలు పుట్టలేదు, నయం. ఆఖరిదాన్ని ఏ బస్సులోనో వదిలేసి వచ్చేవాడు," అనేది పిన్ని.

చిన్నప్పుడు ఆయన లోకంలో ఉన్నవి రెండే రంగులట. బంగారు రంగు లాగువాడు మంచివాడు, నల్ల లాగువాడు దుర్మార్గుడు. మంచివాడు ఓడితే బాబాయి భోజనం మానేసేవాడు, గెలిస్తే రెండుసార్లు చేసేవాడు. మా నానమ్మకు కుస్తీ గురించి ఏమీ తెలియకపోయినా, వంటింటి క్షేమం కోరి ఎవరూ గెలవకుండా ఉంటే బాగుండుననుకునేది.

పెళ్లయిన కొత్తలో పిన్ని బఠానీలు ఒలుస్తూ ఒక పోటీ చూసింది.

"ఏమండీ, గుద్దినప్పుడల్లా వాడు కాలు నేలకేసి కొడుతున్నాడు చూడండి. చప్పుడు అక్కణ్ణుంచి వస్తోంది, దవడలోంచి కాదు."

బాబాయి ఆమెతో రెండు రోజులు, ఇంకొక రోజు మాట్లాడలేదు.

తర్వాత కొన్నేళ్లకు దుర్మార్గుడి పక్షం చేరాడు. "మంచివాడికేముందమ్మా, నవ్వితే చాలు. వీణ్ణి చూడు! అంతమంది చేత తిట్టించుకోవాలంటే ఎంత కష్టపడాలి!" అనేవాడు. దుర్మార్గుడికి చెమట పడితే ఈయన తువ్వాలుతో తన మొహం తుడుచుకునేవాడు.

ఆ రోజుల్లోనే ఒక కుస్తీ బృందం మా ఊరొచ్చింది. మొదటి పోటీ అయిన మర్నాడు పొద్దున్నే, నల్ల లాగు చిరిగిపోయిందని దుర్మార్గుడు మా షాపు మెట్లెక్కాడు. తలుపు చిన్నదైపోయి, షాపులో వెలుగంతా ఒక్కసారి పోయింది. వెనకాలే, ముందు రోజు ఈ దుర్మార్గుడు ఎవడి నెత్తురు తాగుతానని మైకులో అరిచాడో ఆ మంచివాడూ వచ్చాడు. నేను మూల కూర్చుని బొత్తాలు కుడుతున్నాను. లాగు కుట్టేలోగా దుర్మార్గుడు మంచివాడి వీపుకి మందు రాయడం మొదలుపెట్టాడు.

"నిన్న గట్టిగా తగిలిందారా?"

"లేదన్నా. పడ్డప్పుడు తల కింద నీ చెయ్యి ఉందిగా."

బాబాయి సూది గాల్లో ఆగిపోయింది. దారం మాత్రం కాసేపు ఊగుతూనే ఉంది.

ఆ రోజు నుంచి ఆయన కళ్లు కొట్టే చేతిని వదిలేశాయి. "అదిగో, మెడ కింద! చూశావా ఆ చెయ్యి?" అని ఇస్త్రీ పెట్టె పక్కన గంతులేసేవాడు. "కొట్టడం ఎవడైనా కొడతాడమ్మా. పడటంలోనూ, పడేవాణ్ణి పట్టుకోవడంలోనూ ఉంది పనితనం." ఆ సంబరంలో రెండు చొక్కాలు, ఇంకొకటి మాడ్చాడు.

ఇంత తెలిసినవాడా, సాయంత్రం అయిదయ్యేసరికి పచ్చి అమాయకుడైపోయేవాడు. అయిదింటికి మాస్టారు వస్తారు. రిటైరైన సైన్సు మాస్టారు. భార్య పోయాక ఒంటరిగా ఉంటున్నారు.

"ఏమోయ్, ఇంకా ఆ బూటకమే చూస్తున్నావా?"

"బూటకమేంటి మాస్టారూ! నిజం! వాడి మూలుగు వినబళ్లేదా?"

"అంత ఎత్తు నుంచి నిజంగా పడితే మూలగడానికి మనిషుండడోయ్!"

మాస్టారు మా సుద్దముక్క లాక్కుని, కత్తిరించాల్సిన గుడ్డ మీదే బాణాలు గీసి నిరూపించేవారు. బాబాయి ఓడిపోయేవాడు. మాస్టారు పదేళ్లు తగ్గినట్టు చేతులూపుకుంటూ ఇంటికి వెళ్లేవారు. బాణాలున్న గుడ్డ మర్నాడు పిన్ని ఉతికేది.

"బాబాయ్, నీకు తెలుసుగా?" అని ఒకసారి అడిగాను.

"బొత్తాలు కుట్టమ్మా," అన్నాడు.

పోయినేడు మాస్టారు స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆపరేషను బాగానే జరిగింది. రోజూ నడవాలి, నడవకపోతే ఇక మంచమే గతి అన్నాడు డాక్టరు. మాస్టారు మాత్రం ఇంటికొచ్చిన రోజు నుంచీ గోడవైపు తిరిగి పడుకున్నారు. చూసుకోడానికి పెట్టిన నర్సు షాపుకొచ్చి, "వారమైందండీ, కాలు కింద పెట్టట్లేదు," అంది. నేనూ బాబాయీ వెళ్లాం.

"మాస్టారూ, నిన్నటి కుస్తీ ఉంది చూశారూ, నిజంగా..."

"నిజమే లేవోయ్," అన్నారు గోడతో. "అంతా నిజమే. నువ్వే గెలిచావు."

బాబాయి జన్మలో అదే మొదటి గెలుపు. మొహం పిండేసిన గుడ్డలా అయిపోయింది. మంచం అంచు మీద అరచేత్తో చరిచాడు. "ఒకటి... రెండు..." మాస్టారి భుజం లేవలేదు.

బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"నిన్నొకడు ఇరవై అడుగుల ఎత్తు నుంచి దూకాడు మాస్టారూ. సగం దూరం వచ్చాక మనసు మారి, మళ్లీ పైకి వెళ్లిపోయాడు."

గోడవైపు కొంచెం కదలిక.

"ఏమన్నావ్?"

"గాల్లోనే వెనక్కి తిరిగాడండీ. నా కళ్లతో చూశాను."

"గురుత్వాకర్షణ అనేది ఒకటేడిసింది కదరా మూర్ఖుడా!" మాస్టారు లేచి కూర్చున్నారు.

"అది మామూలు మనుషులకండీ. వస్తాదులకి వర్తించదు."

"వర్తించదా! నా నల్లబల్ల ఏది?"

"పక్కగదిలో ఉంది." తేవడానికి నేను లేవబోతే బాబాయి నా కాలు తొక్కాడు. "అమ్మాయికి నడుం నొప్పి, నాకు భుజం పట్టేసింది. మీరే రావాలి."

నర్సు, పట్టుకుని నడిచే స్టాండు తెచ్చి ముందు పెట్టింది. మమ్మల్నందర్నీ తిడుతూ మాస్టారు నేల మీద కాలు పెట్టారు. బాబాయి పక్కనే నడిచాడు. మాస్టారి వీపు వెనక, తాకకుండా, బెత్తెడు దూరంలో ఒక అరచెయ్యి. ఆ చేతిని నేను టీవీలో చాలాసార్లు చూశాను.

"ఒకటి," అన్నాడు బాబాయి. "రెండు."

మాస్టారి కాలు గాల్లో వణికింది. బాబాయి పెదాలు బిగుసుకున్నాయి. నలభై ఏళ్ల ఒట్టు మరి. కాలు నేలకానింది.

"మూడు!" అని వీధంతా వినబడేలా అరిచాడు.

నల్లబల్ల దాకా వెళ్లి, రొప్పుతూ మాస్టారు సుద్దముక్క అందుకున్నారు.

"ఏమోయ్, మూడన్నావు. ఓడిపోయావు."

"ఓడిపోయాను మాస్టారూ."

"ఊరికే ఓడితే సరా? కూర్చో. ఎందుకు ఓడావో చెప్తాను."

గంటసేపు చెప్పారు. బాబాయి ఒక్క ముక్కా ఒప్పుకోలేదు. దూకినవాడు పైకెళ్లి టీ కూడా తాగాడన్నాడు. దానికి సమాధానం రేపు చెప్తాను, రమ్మన్నారు మాస్టారు.

ఇంటికి నడుస్తుంటే అడిగాను.

"బాబాయ్, మంచం నుంచి బల్ల దాకా మాస్టారు మొత్తం ఎన్నడుగులేశారు?"

మెడలో టేపు సర్దుకుని, మబ్బులు చూస్తూ అన్నాడు.

"పన్నెండు, ఇంకొకటి."