నేరమంతా ఫ్రిజ్‌దే

పళ్ల డాక్టరు బావగారికి ఒక్కటే జబ్బు. ఏ పనీ ఒక్కసారితో అయిందని ఒప్పుకోరు. పేషెంటు పుక్కిలించి ఉమ్మితే "ఇంకొక్కసారి" అంటారు. ఇంటికి తాళం వేసి వీధి చివరిదాకా వెళ్లి, ఇంకొక్కసారి చూసొస్తానని వెనక్కి వస్తారు. ఊరంతా ఆయన్ని ఇంకొక్కసారి డాక్టరనే పిలుస్తుంది. అసలు పేరు బోర్డు మీద ఉందిగానీ, దాన్ని చదివే తీరిక ఎవరికీ లేదు.

అలాంటి మనిషికి అరవై దాటాక రాక్ పాటల పిచ్చి తిరగబెట్టింది. కాలేజీ రోజుల్లో ఆయనకో బ్యాండు ఉండేది. క్లినిక్ పెట్టాక గిటారు అటకెక్కింది. ఒక ఆదివారం దాన్ని కిందికి దింపి దుమ్ము దులిపారు. ఆ ఊపులోనే పాత డ్రమ్మర్ని కూడా ఇంట్లోంచి బయటికి లాక్కొచ్చారు. ఆయన్ని పిడుగు అంటారు. డ్రిల్లు మాస్టారుగా రిటైరయ్యారు. నిరుడు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి సగం మాటే వింటోంది. అందుకని కర్రను వేళ్లకు ఆపరేషన్ టేపుతో చుట్టి మరీ కూర్చోబెట్టారు బావగారు.

ఇక బాస్ గిటారుకు మనిషి కావాలి. ఫ్రిజ్‌లు బాగుచేసే బావమరిది అదే రోజు క్లినిక్‌లో ఫ్రిజ్ చూడ్డానికి వెళ్లాడు. స్క్రూడ్రైవర్ కింద పెట్టేలోపు మెడలో గిటారు పడింది.

"నాకు రాదు బావగారూ."

"నాలుగే తీగలురా. ఫ్రిజ్‌లో అంతకన్నా ఎక్కువ వైర్లుంటాయి."

డ్రమ్ములు ఎక్స్‌రే గదిలో పెట్టారు. గోడల్లో సీసం రేకు ఉంటుంది గనక మోత బయటికి పోదట. బావగారు పేషెంటు కుర్చీలో వెల్లకిలా పడుకుని, లైటుకు మైకు కట్టుకుని పాడతారు, పాడిందంతా రికార్డు చేస్తారు. అదేమిటని అడిగితే, "మనిషి మనస్ఫూర్తిగా అరిచేది ఈ కుర్చీలోనేరా, ఇన్నేళ్లుగా చూస్తున్నాను" అన్నారు. పాట కూడా ఆయనే రాశారు. "నోరు తెరువు లోకమా, నీ నొప్పెక్కడో చూస్తాను" అని పల్లవి. లోకం సంగతేమోగానీ, మొదటిసారి విన్నప్పుడు బావమరిది తెరిచిన నోరు చాలాసేపు మూయలేదు.

పాట పూర్తవగానే బావగారు కుర్చీలోంచి తల ఎత్తారు.

"ఇంకొక్కసారి. ఫ్రిజ్ మోగింది."

బావమరిదికి ఒళ్లు మండింది. తన చేత్తో కంప్రెసర్ మార్చిన ఫ్రిజ్ మోగిందంటే, తన పని మీద బురద చల్లినట్టే. వెళ్లి ప్లగ్గు పీకేశాడు.

"ఇంకొక్కసారి. కుళాయి చుక్క పడింది."

కుళాయి బిగించాడు. ఆ తర్వాత గోడ గడియారం టిక్కుమందన్నారు. దాన్ని ఇంటికి పంపారు. ఆ పై ఆదివారం, వెయిటింగ్ రూములోని గాజుతొట్టెలో చేప మూతి అద్దానికి తగిలిందన్నారు. చేపల్ని బకెట్లో వేసి ఇంటికి మోశాడు.

"గడియారం పడగ్గదిలో, చేపలు వంటింట్లో" అంది అక్క. "మీ పాట అయ్యేలోపు ఆ కుర్చీ కూడా ఇక్కడికే వచ్చేట్టుందిరా."

బావమరిది ఆదివారాలన్నీ ఇలా గంగలో కలిశాయి. ఇక లాభం లేదనుకుని, ఫ్రిజ్ నిర్దోషి అని నిరూపించి గిటారు దించేద్దామని, మొదటినుంచీ రికార్డు చేసినవన్నీ ఫోన్లోకి ఎక్కించుకుని కొట్లో కూర్చుని విన్నాడు. ఫ్రిజ్ ఎక్కడా మోగలేదు. చేపలు కూడా పాపం పద్ధతిగానే ఉన్నాయి. కాకపోతే పల్లవికి ముందు పడాల్సిన ఎడమ చేతి దెబ్బ ప్రతిసారీ ఆలస్యంగా పడుతోంది. మొదటి రికార్డింగులో చాలా ఆలస్యం. ఈమధ్యవాటిలో కొంచెమే. పిడుగు చేతికి టేపు అక్కర్లేకపోయి చాలా వారాలైందని అప్పుడు గుర్తొచ్చింది. ఇన్నాళ్లూ బావగారిని మనసులో తిట్టుకున్న తిట్లన్నీ ఒక్కొక్కటే వెనక్కి తీసుకున్నాడు.

తర్వాతి ఆదివారం ముందుగా వెళ్లాడు.

"ఫ్రిజ్ మోగలేదు బావగారూ."

"తెలుసు" అన్నారు బావగారు గిటారు తుడుస్తూ. "కాలేజీలో నేను శ్రుతి తప్పినప్పుడల్లా పిడుగుగాడు, నా కర్ర జారిందిరా, ఇంకొక్కసారి అనేవాడు. ఒక్కనాడూ నా తప్పనలేదు. వాడి మాటే నాకు పట్టుకుంది."

ఆ రోజు పాట అదిరింది. ఎడమ చెయ్యి మాత్రం వెంట్రుకవాసి వెనకబడింది. బావగారు తల ఎత్తి చుట్టూ చూశారు. ఫ్రిజ్‌కు ప్లగ్గు లేదు, కుళాయికి చుక్క లేదు, గడియారం లేదు, చేపలు లేవు. నేరం మోపడానికి క్లినిక్‌లో ఒక్క వస్తువూ మిగల్లేదు. పిడుగు ఎక్స్‌రే గది గుమ్మంలోకి వచ్చి, తన ఎడమ చేతి వంక చూసుకుంటూ నిలబడ్డారు.

"ఇంకొక్కసారి" అన్నాడు బావమరిది. "ఫ్రిజ్ మోగింది."

"ప్లగ్గు పీకేసుందిగా బాబూ" అన్నారు పిడుగు.

"కొన్ని అలాగే మోగుతాయండీ. బాగుచేసింది నేను. నా పనే అంత."

బావగారు మళ్లీ వెల్లకిలా పడుకున్నారు. ఈసారి పల్లవికి ముందు ఎడమ చెయ్యి సరిగ్గా పడింది. ఎంత సరిగ్గా అంటే, బావమరిది తన వంతు వాయించడం మరిచిపోయాడు. చివరి దెబ్బ ఇంకా మోగుతుండగానే తలుపు తోసుకుని అక్క వచ్చింది.

"ఆ చేపలకి తిండెవరు పెడతారండీ, నేనా?"

అదీ రికార్డయిపోయింది. ముగ్గురూ బావగారి వంక చూశారు.

"అయిపోయింది" అన్నారాయన. "చాలా బాగా వచ్చింది."

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నోట ఆ మాట వినని అక్క, ఒంట్లో బాగాలేదేమోనని నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

బావమరిది ఫ్రిజ్‌కు ప్లగ్గు పెట్టాడు. అది చప్పుడు చెయ్యకుండా చల్లబడసాగింది. ఇంటికి బయల్దేరిన పిడుగు దాని దగ్గర ఆగి, ఎడమ చేత్తో తలుపు మీద మెల్లగా తట్టారు.

"పాపం, నా మూలంగా ఎన్ని మాటలు పడ్డావో" అన్నారు.