వాడు తాగి దిగలేదు

నా బావమరిది తాగి గోదావరిలో దిగి చనిపోయాడని రాజమండ్రి ఇసుక ర్యాంపు దగ్గర ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మాట పుట్టించింది నేను. వాడు ఆ రోజు చుక్క ముట్టలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాకు ఒక ఇసుక పడవ ఉండేది. నది అడుగుకు గెడకర్ర దింపి, దాన్ని పట్టుకుని ఒకడు బక్కెట్టుతో కిందికి వెళ్తాడు. ఊపిరి బిగబట్టి ఇసుక నింపుతాడు. పైనున్నవాడు తాడుతో లాగుతాడు. అంతకుముందు పదేళ్ళు నేనే దిగాను. కుడి చెవి పగిలి చీము కారడం మొదలయ్యాక పైన తాడు పట్టుకుని, నా భార్య తమ్ముణ్ణి కిందికి దింపాను.

పాతవాళ్ళు నేర్పిన పద్ధతులు కొన్ని ఉన్నాయి. పొద్దున్న మొదటిసారి ఉత్త చేతులతో దిగి అడుగు తాకి రావాలి. మూరకోసారి ముక్కు మూసి చెవుల్లోకి గాలి ఊదాలి, చెవి తెరుచుకోకపోతే వెనక్కి వచ్చేయాలి. కింద మెడ ఎత్తి పైకి చూడకూడదు. ఉమ్మిలో ఎరుపు కనిపిస్తే నెల రోజులు నీళ్ళ జోలికి పోకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, గుండెల నిండా ఊపిరి తీసుకునే దిగాలి. వాడికి అన్నీ చెప్పాను, చివరిది తప్ప.

ఆ వేసవిలో ఒడ్డు దగ్గర ఇసుక అయిపోయి నది మధ్యకు వెళ్ళాం. అక్కడ ఆరు నిలువుల లోతు. రెండు గెడలు కలిపి కట్టాల్సి వచ్చింది. నిండా గాలి పీల్చుకున్న మనిషిని నీళ్ళు పైకి తోస్తాయి, దిగడం ఆలస్యమవుతుంది. ఒడ్డున లారీలు హారన్లు కొడుతున్నాయి. సగం గాలి వదిలేసి దిగితే రాయిలా పోతావని వాడికి చెప్పాను. నేనూ అలా దిగినవాణ్ణే, కాని తక్కువ లోతులో. ఆ సంగతి చెప్పలేదు.

మూడు రోజులు బాగానే గడిచాయి. నాలుగో రోజు పొద్దున్న వాడు పైకి వచ్చి, పడవ అంచు పట్టుకుని దగ్గి, అరచేతిలో ఉమ్మాడు. లేత ఎరుపు నురగ.

"ఏంటి బావా ఇది?"

"కిళ్ళీ వేసుంటావు."

"నువ్వు ఇప్పిస్తేగా వేసేది," అని నవ్వాడు. మళ్ళీ దగ్గి, "ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుంది బావా," అన్నాడు.

పడవ సగమే నిండింది. ఇంకో నాలుగుసార్లు దిగి ఆపేద్దామన్నాను. సరేనన్నాడు. రెండోసారి పైకి వచ్చేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. ఊపిరి తీస్తుంటే లోపల నీళ్ళు మరుగుతున్నట్టు చప్పుడు. పడుకోబెడితే లేచి కూర్చుంటున్నాడు.

ఆసుపత్రిలో డాక్టరు గారు ఏం జరిగిందని అడిగారు. ఊపిరి వదిలించి దింపానని చెబితే నన్ను పోలీసులకు పట్టిస్తారని భయపడ్డాను.

"తాగి దిగాడండి. నీళ్ళు మింగేశాడు."

వాడు ఆక్సిజన్ గొట్టంతో మంచం మీద కూర్చుని నా వైపు చూశాడు. సాయంత్రానికి పోయాడు.

చాలా ఏళ్ళ తర్వాత వేరే డాక్టరు ఒకాయన చెబితే అర్థమైంది. లోతులో నీళ్ళు ఛాతీని నలుపుతాయి. లోపల గాలి తక్కువైతే ఊపిరితిత్తుల్లోకి రక్తం ఊరుతుంది. ర్యాంపులో కొత్తవాళ్ళకు నా బావమరిది సంగతి చెప్పి, తాగి దిగవద్దంటారు. ఊపిరి వదిలి దిగవద్దని ఎవరూ చెప్పరు.

మా అత్తగారు తాగుబోతు తల్లిగా తలదించుకుని బతికారు. కొడుకు మాట ఎత్తితే లేచి వెళ్ళిపోయేవారు. ఆమె పోయి ఏడేళ్ళయింది. పోయిన నెల నా భార్యకు నిజం చెప్పాను. బియ్యం ఏరుతున్నదల్లా చేట పక్కన పెట్టింది. తిడుతుందనుకున్నాను. తలెత్తి అడిగింది.

"మా అమ్మకి ఎవరు చెప్తారండి?"