ఉదయగిరి ఎండకు జరిగిన అవమానం

ఈ వారం ఎండల మీద ఒక కథనం రాసి, ఒక్కో ఊరి సగటు డిగ్రీలకు ఒక్కో నిలువు గీతతో గ్రాఫ్ చేర్చి పొద్దున ఫేస్‌బుక్‌లో పెట్టాను. అందులో మా ఆత్మకూరు కంటే ఉదయగిరి గీత కాస్త పొట్టిగా వచ్చింది. వెంటనే ఉదయగిరి నుంచి మా బావ ఫోన్ చేశాడు.

“ఏంది బామ్మర్దీ, మా ఊరి ఎండను తగ్గించినావు? మీదీ ఒక ఎండేనా?”

“మీకాడ రెండు రోజులు మబ్బు పట్టింది గదా బావా. కిందే రాసినాను, చదువు.”

“రాసింది ఎవురు చదవతారు? అందరూ బొమ్మే చూస్తారు. ఊళ్లో తలెత్తుకోలేకుండా ఉండాను!”

మధ్యాహ్నం సాక్ష్యంగా వీడియో పంపాడు. అక్క పొద్దున మిద్దె మీద పెట్టిన వడియాలను అప్పుడే గలగలలాడించి చూపిస్తున్నాడు. గొడవెందుకని దాన్నీ గ్రాఫ్ కింద పెట్టాను. సాయంత్రానికి కామెంట్లే కామెంట్లు. నా రాత ఊసు లేదు, గ్రాఫ్ ఊసు లేదు. అందరూ వడియాలు అమ్ముతారా అని అడుగుతున్నారు.

సరే, డిగ్రీలు వదిలేద్దాం. మీ ఊళ్లో వడియాలు ఎన్ని గంటల్లో ఎండుతాయో చెప్పండి, ఆ గంటలతోనే గ్రాఫ్ గీస్తాను. కాకపోతే ఎండ ఎక్కువున్న ఊరికే గీత పొట్టిగా వస్తుంది. ఆ సంగతి మా బావకు మీలో ఎవరు చెబుతారు?