మూడో కౌంటరు కింద కవర్లు

కవర్లు ఆపింది కంపెనీ, తిట్లు తిన్నది మేము. ఈ ముక్క ముందే చెప్పేస్తే నా కడుపుమంట కొంచెమైనా చల్లారుతుందని చెబుతున్నాను.

మా సూపర్ మార్కెట్టులో నాది నాలుగో కౌంటరు. చెప్పబోయేది నా గురించి కాదు, పక్కనే మూడో కౌంటరులో ఉండే ఆవిడ గురించి. ఆవిడకూ ఒక పేరుంది, యూనిఫాం మీద కుట్టి కూడా ఉంది. కానీ మేనేజరు దగ్గర్నుంచి ఊడ్చేవాళ్ళ దాకా అందరం రేడియో అనే పిలుస్తాం. పొద్దున షట్టరు లేచింది మొదలు డ్యూటీ దిగేదాకా ఆ నోరు మూతపడేది కాదు. కొనడానికి వచ్చినవాళ్ళ మోకాళ్ళ నొప్పులు, కోడళ్ళ అలకలు, పిల్లల మార్కులు, పక్కింటి కుక్క అరుపులు అన్నీ ఆవిడకే కావాలి. ఏళ్ళ తరబడి నా చెవి పక్కన ఆ జోరీగ. "ఒసేయ్, కాస్త ఊపిరి పీల్చుకోవే, చచ్చిపోతావు" అని కసురుకుంటే, "మాట్లాడకపోతేనే చస్తానక్కా" అనేది. తమాషాకి అంటోందనుకున్నాను.

ఒకసారి జ్వరమని రాకపోతే చూడటానికి వెళ్ళాను. తలుపు తీసి, పెదవుల మీద వేలు పెట్టుకుని, లోపలికి రమ్మని సైగ చేసింది. ఒకటే గది, వెనక చిన్న వంటిల్లు. గదిలో మొగుడు నిద్రపోతున్నాడు. రాత్రిళ్ళు సరుకు లారీ నడుపుతాడు, పగలు పడుకోవాలి. నిద్ర చాలకపోతే ఎక్కడ ఏం గుద్దేస్తాడో అని ఆవిడకు ప్రాణం గుప్పెట్లో ఉంటుంది. తలుపు బందులకు నూనె రాసి ఉంది. గిన్నెల కింద మడతపెట్టిన గుడ్డలు పరిచి ఉన్నాయి. చప్పుడు చేస్తోందని గోడ గడియారం బ్యాటరీ కూడా తీసేసింది. వంటింట్లో నాకు మంచినీళ్ళిస్తూ కూడా సైగలే. సాయంత్రం ఆవిడ ఇంటికి చేరేసరికి అతను లారీ ఎక్కేస్తాడు. సెలవు రోజు పగలంతా అతని పక్కన నోరు మూసుకుని కూర్చోవడమే. పిల్లలు లేరు. మంచివాడే పాపం, చేసే ఉద్యోగం అలాంటిది. మొత్తానికి ఆవిడ నోరు విప్పే చోటు ఈ భూమ్మీద మూడో కౌంటరు ఒక్కటే. ఆ రోజు నుంచి కసురుకోవడం తగ్గించాను. పూర్తిగా మానలేదు, నా నోరు నాది.

ఇక పని సంగతి. కౌంటరు కింద ఎడమవైపు ఒక ఇనప కొక్కెం, దానికి కవర్ల కట్ట వేలాడేది. రేడియో కుడిచేత్తో సరుకులు బిల్లు మిషను ముందు ఆడిస్తూనే, ఎడమచేత్తో కింద నుంచి కవరు లాగి ఒక్క విదిలింపు విదిలించేది. బియ్యం, నూనె అడుగున. గుడ్లు, బ్రెడ్డు పైన. సబ్బులు మాత్రం వేరే కవరులో. ఇదంతా చూడకుండానే. చూసే తీరికెక్కడిది? కళ్ళు ఎదుటి మనిషి మొహం మీద, నోరు కబుర్ల మీద ఉండేవి. చెయ్యి దాని పని అది చేసుకుపోయేది.

ఒకరోజు పొద్దున వచ్చేసరికి కొక్కేలు ఖాళీగా ఉన్నాయి. తలుపు మీద తాబేలు బొమ్మతో ఒక పోస్టరు: ఈ రోజు నుంచి ప్లాస్టిక్ కవర్లు ఇవ్వబడవు, మీ సంచి మీరే తెచ్చుకోండి, భూమిని కాపాడండి. ఆ పోస్టరు అచ్చువేయించినవాళ్ళు ఏసీ గదిలో కూర్చున్నారు. అది చదవకుండా లోపలికి వచ్చినవాళ్ళంతా మా ఎదుట నిలబడ్డారు.

జనం కోపం అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఆస్తి రాసిమ్మని మేమే అడిగినట్టు ఒంటికాలి మీద లేచారు. "బిస్కెట్టు ప్యాకెట్టు ప్లాస్టిక్ కాదా? షాంపూ సీసా ప్లాస్టిక్ కాదా? నా కవరు ఒక్కటే మీ కళ్ళకి కనిపించిందా?" అని ఒకాయన బల్ల గుద్దాడు. ఆయన అడిగినదాంట్లో న్యాయం ఉంది. కాకపోతే అడగాల్సింది నన్ను కాదు. "మా ఇంట్లో చెత్త ఎందులో వెయ్యమంటావు, నీ నెత్తినా?" అంది ఇంకొకావిడ. ఒక పెద్దమనిషి ఉల్లిపాయలన్నీ హెల్మెట్టులో పోసుకుని, తల మీద ఏమీ లేకుండా మోటారుసైకిలు ఎక్కి వెళ్ళిపోయాడు. మరొకడు బిల్లయిపోయిన సరుకు బల్ల మీదే వదిలేసి, ఒక్కో ఉల్లిపాయా తీసి నేలకేసి కొట్టి మరీ వెళ్ళాడు. ఏరింది నేనే. నడుం పట్టేసింది.

మా అందరి చేతులకూ కొక్కెం అలవాటుంది. నేను మణికట్టుకు రబ్బరు బ్యాండు బిగించి మానుకున్నాను. రేడియోకి మాత్రం కుదర్లేదు. మాటల్లో పడిందంటే చాలు, ఎడమచెయ్యి కౌంటరు కిందికి పోయేది, ఖాళీగా పైకి వచ్చేది. అది జనం కంట పడింది.

"కింద దాచి పెట్టుకుంది. తనవాళ్ళకి మాత్రం ఇస్తోంది." ఈ పుకారు ఎవరు పుట్టించారో తెలియదు గానీ, మర్నాటికల్లా మూడో కౌంటరు ముందు వరస తలుపు దాకా పోయింది. నా కౌంటరు ఖాళీ, నేను ఈగలు తోలుకుంటున్నాను. ముందు అందరూ తేనె పూసిన మాటలే. "మనం మనం ఒకటి కదమ్మా, ఒక్కటివ్వు, ఎవరికీ చెప్పను." లేవంటే మొహం మాడ్చుకుని, "మాలాంటివాళ్ళకి ఎందుకిస్తావులే" అనేవారు. రేడియో ఒట్లు పెట్టింది. ఒట్లు పెడుతూ పెడుతూ మళ్ళీ చెయ్యి కిందికి! పక్కన నేను తల బాదుకున్నాను.

మా దగ్గరికి వారం వారం ఒక రిటైరైన టీచరమ్మ వచ్చేది. పెద్ద కళ్ళజోడు, ఇస్త్రీ మడత నలగని బట్టలు. ఆమె కంటి ఆపరేషను చేయించుకున్నప్పుడు రేడియో ప్రతి డబ్బా మీదా అక్షరాలు చదివి వినిపించింది. సరుకు కవర్లు తనే మోసుకుంటూ ఆమెను మెట్లు దింపి వచ్చేది. "మా టీచరమ్మ, మా టీచరమ్మ" అని నా దగ్గర ఒకటే మురిసిపోయేది.

ఆ టీచరమ్మే ఆ రోజు వరసలో ముందుకు వచ్చింది.

"టీచరమ్మా, మోకాలు ఎలా ఉందండీ? మందు మార్చారా?" అంటూనే రేడియో చెయ్యి కిందికి పోయింది.

"ఎవరికి తీస్తున్నావు అది?" అంది టీచరమ్మ.

"ఏదండీ?"

"నా కళ్ళు పోయాయనుకున్నావా? నాకే అబద్ధం చెబుతావా, నాకు?"

"అయ్యో, నా తల్లి మీద ఒట్టండీ, ఏమీ లేవు. అలవాటు కొద్దీ చెయ్యి..."

టీచరమ్మ చుట్టూ తిరిగి కౌంటరు లోపలికి వచ్చేసింది. బడిపిల్లల బల్లలు వెతికిన చెయ్యి కదా, ఏమాత్రం మొహమాటపడలేదు. వంగి, తడిమి, ఒక కవరు బయటికి లాగింది. మా కంపెనీ కవరే, కొంగ బొమ్మతో సహా. అది రేడియో తన టిఫిన్ బాక్సు తెచ్చుకునే పాత కవరు. ఎన్నిసార్లు కడిగి ఆరేసిందో, కొంగ సగం చెరిగిపోయింది. టీచరమ్మ లాగిన విసురుకు ముడి ఊడి, బాక్సు జారి నేల మీద పడింది. మూత ఎగిరిపోయి అన్నమంతా చెల్లాచెదురైంది.

"ఇదిగో!" అని టీచరమ్మ కవరు పైకెత్తి అందరికీ చూపించింది.

అన్నం అందరికీ కనిపిస్తూనే ఉంది. అయినా ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, అది టిఫిన్ కవరు అనలేదు. "పట్టుబడింది!" అని ఎవరో అరిచారు. "దొంగ మొహం చూడు" అన్నారు ఇంకెవరో. ఫోన్లు లేచాయి. రేడియో నేల మీద కూర్చుని అన్నం ఏరుకుంటుంటే దాన్ని కూడా వీడియో తీశారు. కోడలి కాన్పు గురించి ఆవిడ దగ్గర గంటసేపు ఏకరువు పెట్టినావిడ కూడా ఆ ఫోన్లవాళ్ళలో ఉంది. నేను లేచి, "సిగ్గు లేదా మీకు? అది దాని అన్నం!" అని గొంతు చించుకున్నాను. "వీళ్ళూ వీళ్ళూ ఒకటే" అన్నారు.

సాయంత్రం మేనేజరు మా ఇద్దర్నీ పిలిచాడు. టిఫిన్ కవరు సంగతి ఆయనకు అర్థమైంది, అంత మాత్రం బుర్ర ఉంది. అయినా, "నిజమేదైతే నాకెందుకమ్మా, జనానికి నీ చెయ్యి కనిపిస్తోంది. ఇంకొక్క కంప్లైంటు వస్తే గోడౌనుకి పంపేస్తాను. అక్కడ పెట్టెలు సర్దుకో, ఏ గొడవా ఉండదు" అన్నాడు.

రేడియో రెండు చేతులూ జోడించింది. "గోడౌను వద్దు సార్. అక్కడ మనిషే ఉండడు. ఇంట్లో ఎలాగూ మాట్లాడకూడదు, ఇక్కడా లేకపోతే ఎలా సార్?"

ఆయనకేం అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పే ఓపిక ఆవిడకు మిగల్లేదు.

"ఆ దిక్కుమాలిన కొక్కెం పీకించెయ్యండి సార్, పీడా పోతుంది" అన్నాను నేను.

"పైవాళ్ళకి చెప్పాను. మెయింటెనెన్సు వాళ్ళు రావాలి."

మర్నాడు రేడియో ఎడమచేతికి గుడ్డ కట్టుకుని వచ్చింది. ఆ గుడ్డతోనే చెయ్యి కిందికి పోయింది. చెయ్యి జేబులో పెట్టుకుంది. ఎవరో పిల్లాడి పరీక్షల కబురెత్తగానే జేబులోంచి అదే బయటికొచ్చింది. మధ్యాహ్నం నీళ్ళు తాగుతూ మెల్లగా నాతో అంది: "అక్కా, కనిపెట్టాను. మాట్లాడుతుంటేనే వెళ్తోంది. ఊరుకుంటే వెళ్ళట్లేదు."

"అయితే?"

లేచి వెళ్ళి కౌంటరులో నిలబడింది. అంతే, ఆ నోరు అక్కడితో మూతపడింది.

"సంచి తెచ్చుకున్నారా?" అనేది. మొత్తం ఎంతైందో చెప్పేది. అంతకుమించి ఒక్క ముక్క లేదు. కాన్పు అయిన కోడలు పసిబిడ్డను తెచ్చి చూపించినా తలెత్తలేదు. చెయ్యి బుద్ధిగా బల్ల మీదే ఉంది. వరస చకచకా కదిలింది. నెలాఖరు మీటింగులో మేనేజరు, "మూడో కౌంటరును చూసి నేర్చుకోండి, ఎంత స్పీడు పెరిగిందో!" అని మెచ్చుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఆయన నోట్లో ఉల్లిపాయ కుక్కాలనిపించింది.

జనం ఉన్నారే, వాళ్ళు మారిపోయారు. అందరి భుజాలకూ సంచులే. ఉల్లిపాయలు నేలకేసి కొట్టినవాడు ఒకరోజు సంచి మర్చిపోయి వచ్చినావిడకు భూమి గురించి ఉపన్యాసం దంచాడు. వాడి మొహం మీద ఎక్కడా సిగ్గు జాడ లేదు. ఎట్టకేలకు మెయింటెనెన్సు వాళ్ళు కూడా వచ్చి కొక్కేలు పీకేసి, బెజ్జాలు పూడ్చి పోయారు.

"ఇంకేం భయంవే, ఇప్పుడు వాగొచ్చు" అన్నాను రేడియోతో.

"ఎవరితో అక్కా?" అంది.

నాతో వాగవే అని అనాల్సింది. ఇన్నేళ్ళు కసురుకున్న నోటికి ఆ మాట రాలేదు.

నిన్న టీచరమ్మ వచ్చింది. చేతిలో పూలు కుట్టిన కొత్త గుడ్డ సంచి. "ఏమ్మాయ్, చూశావా, నేనే కుట్టుకున్నాను" అంది. రేడియో సంచి అందుకుంది. బియ్యం, నూనె అడుగున. గుడ్లు, బ్రెడ్డు పైన. టీచరమ్మ కాసేపు ఎదురుచూసింది. "నా మోకాలెలా ఉందని అడగవేం? రెండు రోజులుగా అడుగు తీసి అడుగు వెయ్యలేకపోతున్నాను" అంది. రేడియో మొత్తం ఎంతైందో చెప్పింది.

టీచరమ్మ నా వైపు తిరిగింది. "ఏమైందమ్మా ఈ అమ్మాయికి? ఒంట్లో బాలేదా? ఎంత కలుపుగోలుగా ఉండేది!"

నా దగ్గర ఎన్నాళ్ళనుంచో దాచుకున్న తిట్లున్నాయి. ఒక్కొక్కటే నోటిదాకా వచ్చాయి. మొదటిది అనబోయేంతలో రేడియో నన్ను చూసింది. చూసి, తమ ఇంటి తలుపు తీసిన రోజు పెట్టినట్టే, పెదవుల మీద వేలు పెట్టింది.

నేను నోరు మూసుకుని, నా ముందున్నాయన సంచి అందుకున్నాను.