ఆరు వారాలకు నేను ఆడిన బేరం

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం అంగట్లో గుడ్డ తాను విప్పి కొలుస్తూ ఉంటే రొమ్ముల కింద భగ్గుమని మండింది. ఉక్కకు చెమటకాయలు లేచాయనుకున్నాను. ఇంటికి పోయి అద్దంలో చూసుకుంటే కింది మడతలో చర్మం ఒరుసుకుపోయి, ఎర్రగా నీరు కారుతోంది.

మాది చిత్తూరులో జాకెట్టు గుడ్డల అంగడి. పుట్టింట్లోనూ ఇదే వ్యాపారం. మనిషి మెట్టెక్కేలోపే ఎంత గుడ్డ పడుతుందో చెప్పేస్తాను. నా ఒంటి లెక్క మాత్రం తప్పింది. ఇద్దరు పిల్లలకు పాలిచ్చి, ఆపైన థైరాయిడ్ మందులతో బరువు తగ్గాక, మనిషిని సగమయ్యాను గానీ చర్మం పాత కొలతలోనే ఉండిపోయింది. ఆయింట్‌మెంట్ పూస్తే పుండు మానేది, ఉక్క మొదలైతే మళ్లీ లేచేది. చివరికి తిరుపతిలో ఒక సర్జన్ దగ్గరికి పోయాను.

మామోగ్రామ్, అల్ట్రాసౌండ్, రక్తపరీక్షలు అయ్యాయి. అన్నీ నార్మల్. డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది: “ఇది జబ్బు కాదమ్మా. చెయ్యకపోయినా ప్రాణానికేం కాదు. బ్రెస్ట్ లిఫ్ట్ చేస్తే పైకి నిలబడతాయి, ఒరుపు తగ్గుతుంది. మచ్చలు మాత్రం ఉంటాయి. మీకు కావాలా?”

పొద్దున లేచింది మొదలు “ఏం కావాలమ్మా” అని అందరినీ అడిగేది నేను. నన్ను అడిగేవాళ్లు లేరు. కావాలన్నాను. పుండు కోసమే అని చెప్తే సగం అబద్ధం. స్నానం చేసి అద్దం ముందు తలతిప్పుకోకుండా నిలబడాలన్న ఆశ కూడా ఉంది.

మా ఆయనది శ్రీసిటీలో ఫ్యాక్టరీ పని, పిల్లలు హాస్టల్లో ఉంటారు. ఆదివారమే ఇంటికి వస్తాడు. చెబితే గోడకేసి చూస్తూ, “చేయించుకో మే. అయితే ఎవురికీ చెప్పొద్దు. అమ్మకైతే అసలొద్దు, నలుగురూ నవ్వుతారు” అన్నాడు. అత్తకు మద్రాసు పోయి సరుకు తెస్తానని చెప్పి, అంగడి మూసి బయలుదేరాను.

ఆపరేషన్‌కు ముందు డాక్టరమ్మ, “ఆరు వారాలు బరువెత్తకూడదు, చేతులు తలపైకి లేపకూడదు” అంది.

నోరు ఊరుకోదు కదా. “నాలుగు చేసుకోండి డాక్టరమ్మా.”

“ఇది చీర ధర కాదమ్మా.”

“పోనీ, మీదీ వద్దు నాదీ వద్దు. అయిదు.”

నర్సు నవ్వింది. డాక్టరమ్మ నవ్వలేదు.

మెలకువ వచ్చేసరికి ఛాతీ మీద ఇసుక మూట పెట్టినంత బరువు. రెండు పక్కలా లోపలి నెత్తురూ నీరూ బయటికి లాగే సన్నని డ్రెయిన్ గొట్టాలు, వాటి కొసల్లో సీసాలు. మా ఆయన కన్సెంట్ మీద సంతకం పెట్టి, నాకు తెలివొచ్చేదాకా ఉండి, షిఫ్టుకు పోయినాడు. డిశ్చార్జ్ అయ్యాక దగ్గర్లోనే ఒక లాడ్జిలో గది తీసుకున్నాను. సర్జికల్ బ్రా, దాని మీద వదులు నైటీ, డ్రెయిన్ సీసాలకు గుడ్డసంచి. వెల్లకిలా, దిండ్లు ఎత్తుపెట్టుకునే పడుకోవాలి. చేతులు లేవవు కాబట్టి జడ వేసుకోలేను. వరండాలో గుండ్లు కొట్టించుకున్నవాళ్లు ఇంటిల్లిపాదీ తిరుగుతుంటే, ఈ ఊళ్లో నా ఒక్కదానికే జుట్టు భారమైందే అనుకున్నాను.

పక్కగది ముసలమ్మ రోజూ పలకరించేది. “దర్శనం బాగా అయిందా అమ్మా?”

“అయిందమ్మా.”

“మీవోళ్లు యాడ?”

“వెనక వస్తా ఉండారు.”

ఎవరూ రావడం లేదు. లడ్డు ముక్క చేతిలో పెట్టి పోయింది ఆమె. తలుపేసుకుని అది తింటూ ఏడ్చాను. ఏడిస్తే కుట్లు లాగుతాయని తెలిసి, అదీ పొదుపుగానే.

డ్రెయిన్లు తీసేశాక ఇంటికి చేరాను. అత్త గడపలోనే అడిగింది: “మద్రాసు పోయొస్తివే, సరుకేది మే?”

“పార్శిల్లో వస్తాది అత్తా.”

ఇక్కడ మా అంగళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. పొద్దున షట్టర్ ఎత్తేది ఇంటి చెయ్యే కావాలి. జీతగాడు ఎత్తితే బోణీ నిలవదంటారు. మా మామ ఉన్నన్నాళ్లూ షట్టర్ అత్తే ఎత్తేది. ఆయన పోయాక ముట్టలేదు. ముట్టొద్దని ఎవరూ అనలేదు, తనే దూరం జరిగింది. అప్పటినుంచి ఆ పని నాది. ఇప్పుడు ఎత్తనంటే ఎందుకని అడుగుతారు. అడిగితే చెప్పాలి. పక్కంగడి వాళ్లను పిలిచినా అదే ప్రశ్న. అందుకని గ్రీజు పెట్టించాను కదా, తేలిగ్గా లేస్తుందిలే అని నాకు నేనే బేరం చెప్పుకుని, ఒక పొద్దున వంగి పిడి పట్టుకున్నాను. షట్టర్ లేచింది. లోపల ఏదో చిటుక్కుమంది. సాయంత్రానికి బ్రా తడిసింది.

మర్నాడు తిరుపతికి పోతే డాక్టరమ్మ చూసి పెదవి కొరుక్కుంది. “టీ జంక్షన్ దగ్గర కుట్టు విడిపోయింది. నిలువు కుట్లూ అడ్డ కుట్లూ కలిసే చోటు అది. మళ్లీ కుట్టను, లోపల్నుంచి అదే పూడాలి. రోజూ డ్రెస్సింగ్. ఎరుపు పాకినా, జ్వరం వచ్చినా వెంటనే రావాలి. ఇన్‌ఫెక్షన్ అయితే చేసిందంతా చెడుతుంది. ఇంట్లో డ్రెస్సింగ్ ఎవరు చేస్తారు?”

“నేనే, అద్దంలో చూసుకొని.”

“అద్దం గాయం కింద ఏముందో చూపించదమ్మా. ఇంట్లో ఇంకెవరున్నారు?”

“మా అత్త.”

“అయితే ఆమెకు చెప్పండి. దీంట్లో బేరం లేదు.”

రెండు రోజులు చెప్పలేదు. మూడోనాటికి ఒళ్లు వెచ్చబడింది. వంటింట్లో అత్త వెనక నిలబడి, ఒక్క ఊపిరిలో అంతా చెప్పేశాను. అత్త తిరగబోత ఆపలేదు. స్టవ్ ఆర్పాక తిరిగి నా మొహం చూసింది.

“నాకూ రవికె కింద అట్లే పుండు పడతా ఉండె. పసుపు అద్దుకొని తిరిగినా. మీ మామకు కూడా చెప్పలేదు.” గరిటె పక్కన పెట్టి, “నవ్వుతానని అనుకుంటివా?” అంది.

ఆ రోజే నన్ను తిరుపతికి తోడుకొని పోయింది. యాంటీబయాటిక్స్ మార్చారు. జ్వరం తగ్గింది. ఆ తర్వాత డ్రెస్సింగ్ అత్తే చేసేది. చేతులు కడుక్కుని, కళ్లజోడు పెట్టుకుని, గాజుగుడ్డ మారుస్తూ ఒక్క మాటా మాట్లాడేది కాదు. కోపమో, బాధో తెలియదు. మాటలు అమ్ముకుని బతికే ఇంట్లో ఆ మౌనం నాకు లాడ్జి గది కన్నా ఒంటరిగా అనిపించింది. మా ఆయన ఆదివారం వచ్చి, “తగ్గిందా?” అని తలుపు బయటినుంచే అడిగి పోయేవాడు.

అన్నాళ్లూ అంగడి మూసే ఉంది. ఒక పొద్దున పోయేసరికి షట్టర్ లేచి ఉంది. లోపల అత్త తానులు దులుపుతోంది. బోణీకి వచ్చినామె అత్తను చూసి మెట్టు మీదే తటపటాయించింది.

“ఏమ్మా, గుడ్డ కావల్నా, ముహూర్తం కావల్నా?” అంది అత్త.

ఆమె గుడ్డే కొనుక్కుంది.

ఇప్పుడు గాయం పూడింది. ఒకవైపు మచ్చ లావుగా ఉండిపోయింది, ఎడమ పక్క స్పర్శ ఇంకా పూర్తిగా రాలేదు. ఈ వేసవిలో మాత్రం పుండు లేవలేదు. అద్దం ముందు నిలబడగలుగుతున్నాను. మా ఆయన ఇంకా అటు చూడడు, నేనూ అడగను.

ఈ ఆపరేషన్ చేయించుకోవాలనుకునే వాళ్లకు నేను చెప్పేది ఒకటే. డేటు తీసుకోకముందే, మీ బరువు ఎవరెత్తుతారో ఒక మనిషిని చూసుకోండి. ఆ మనిషికి ఉన్నదున్నట్టు చెప్పండి. డాక్టరు ఆరు వారాలంటే ఆరే. నా ఆరు వారాలు ఎప్పుడో అయిపోయాయి. అయినా పొద్దున నేను పోయేసరికి షట్టర్ లేచే ఉంటోంది.